గంటలో ఆరువేల రెండు వందల చుట్లు

1972 అక్టోబర్ 25. మెక్సికో సిటీ. పొద్దున తొమ్మిది ఇంకా కాలేదు. ఒలింపిక్స్ కోసం కట్టిన అగుస్తిన్ మెల్గార్ వెలోడ్రోమ్‌లో, చెక్క పరిచిన బాట మీద, నారింజ రంగు సైకిలు ఎక్కి ఒకే ఒక్కడు సిద్ధంగా ఉన్నాడు. ఆ సైకిలుకు బ్రేకుల్లేవు. గేరు మార్చే మీట లేదు. ఫ్రీవీలు కూడా లేదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళతో పాటు కాళ్ళూ తిరగాలి. ఒక్క క్షణం కాలు ఆపి ఊపిరి పీల్చుకుందామన్నా ఆ సైకిలు ఒప్పుకోదు.

అతను బెల్జియం వాడు, ఎడ్డీ మెర్క్స్. వయసు 27. సైకిలు లోకంలో అతనికి పడ్డ పేరు నరభక్షి. ఎందుకంటే ఎవరికీ ఏదీ మిగల్చడు. ఆ ఏడాది వసంతంలో మిలాన్–సాన్ రెమో గెలిచాడు, లియేజ్–బాస్తోన్–లియేజ్ గెలిచాడు. ఎండాకాలంలో ఇటలీ చుట్టి వచ్చే జిరో పందెం గెలిచాడు. వరసగా నాలుగోసారి టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. అక్టోబర్ మొదట్లో లొంబార్డీ పందెం కూడా గెలిచి, మిగతావాళ్ళు సైకిలు గోడకు ఆనించి చలికాలపు విశ్రాంతికి పోయే వేళకు మెక్సికో విమానం ఎక్కాడు.

అక్కడ అతను ఓడించాల్సిన మనిషి లేడు. ఉన్నది ఒక అంకె. 48.653. డెన్మార్క్‌కు చెందిన ఓలె రిట్టర్ 1968లో ఇదే ఊళ్ళో ఒక గంటలో తొక్కిన కిలోమీటర్లు అవి. గంట రికార్డు అంటే ఇంతే. పాలిపోయిన ముఖంతో పక్కన తొక్కే పోటీదారు ఉండడు, కొండ ఉండదు, దిగుడు ఉండదు, ముందు పోయే వాడి వెనక దాగి గాలి తప్పించుకోవడం ఉండదు. అరవై నిమిషాలు, గుండ్రటి బాట, నువ్వు.

ఈ కథను నేను చాలా ఏళ్ళుగా మనసులో మోస్తున్నాను. దానికి కారణం మెర్క్స్ గెలవడం కాదు. గెలవడం అతనికి అలవాటే. ఆ రోజు అతను తన స్వభావానికి ఎదురీది తొక్కాల్సి వచ్చింది, అందుకు. రోడ్డు మీద మెర్క్స్ అంటే దాడి. ఎదుటివాడు కాస్త తలదించుకున్నాడా, మెర్క్స్ సీటు మీంచి లేచి తుర్రున వెళ్ళిపోతాడు. అలాంటి వాడికి ఒక గంటసేపు ఎప్పుడూ లేవకుండా, ఎప్పుడూ ఎగబడకుండా, తాళం తప్పకుండా కాళ్ళు ఆడించమనే పని పడింది.

*

ముందు ఆ సైకిలు లెక్క చూద్దాం. లెక్క తెలిస్తేనే ఆ గంట ఎంత కష్టమో తెలుస్తుంది.

ముందు పళ్ళ చక్రానికి 52 పళ్ళు. వెనక చక్రానికి 14. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 8 మీటర్లకు కాస్త తక్కువగా, సుమారు 7.93 మీటర్లు పోతుంది. గేరు మార్చడం లేదు కాబట్టి వేగం అన్నా కాళ్ళ లయ అన్నా ఒకటే మాట. నిమిషానికి 102 చుట్లు తొక్కితే రిట్టర్ అంకె దగ్గరికి చేరతాడు. 104 తొక్కితే దాన్ని దాటేసి చరిత్రలో కూర్చుంటాడు. తేడా నిమిషానికి రెండు చుట్లు కూడా లేదు. గంట మొత్తానికి లెక్కేస్తే వంద చుట్లు.

ఇంకో సంగతి. 1942లో యుద్ధం నడుస్తుండగా మిలాన్ బాట మీద ఇటలీ రౌతు ఫౌస్టో కోపీ గంటలో 45.798 కిలోమీటర్లు తొక్కాడు. 1956లో అదే బాట మీద ఫ్రాన్స్ రౌతు జాక్ ఆంక్తీల్ 46.159 తొక్కాడు. ఇద్దరూ ముందు 52, వెనక 15 పళ్ళే వాడారు. వాళ్ళ కాళ్ళ లయ ఎంతో లెక్కగడితే నిమిషానికి 103, 104. ఇప్పుడు మెర్క్స్ వెనక ఒక పన్ను తగ్గించి గేరు బరువు చేశాడు. కానీ లయ అదే. ముప్ఫై ఏళ్ళలో గేరు బరువెక్కింది, సైకిలు తేలికైంది, మనిషి కాలు మాత్రం తనకు నచ్చిన తాళాన్ని వదల్లేదు. మన సంగీతంలో కాలప్రమాణం అంటారే, అచ్చంగా అది. పల్లవి ఏ కాలంలో ఎత్తుకున్నావో మంగళం దాకా అక్కడే నిలబడాలి. మృదంగం ఊపులో కాస్త పరిగెత్తినా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కనుబొమ ముడిపడుతుంది. మెర్క్స్‌కు ఆ పెద్దాయన గడియారం.

సైకిలును ఇటలీలో ఎర్నెస్టో కొల్నాగో కట్టాడు. మొత్తం బరువు 5.75 కిలోలు. చైను లింకులకు కూడా చిల్లులు పొడిచి గ్రాములు తగ్గించారు. హ్యాండిల్ బిగించే ముక్కను టైటానియంతో చేయించారు. రోడ్డు మీద మెర్క్స్‌కు ఒక అలవాటుండేది. సీటు ఎత్తు నచ్చకపోతే పందెం మధ్యలోనే పానా తీసి సరిచేసుకునేవాడు. దాని వెనక ఒక గాయం ఉంది. 1969 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని బ్లువా ఊరి బాట మీద, మోటారుసైకిలు వెనక తొక్కే పందెంలో పెద్ద ప్రమాదం జరిగింది. అతని ముందు మోటారు నడుపుతున్న ఫెర్నాన్ వాంబ్‌స్ట్ అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. మెర్క్స్‌కు తల పగిలింది, వెన్నుపూస దెబ్బతింది, నడుం ఎముక పక్కకు తిరిగింది. ఆ తర్వాత సైకిలు మీద తను మునుపటి మనిషిని కాలేదని అతనే చెప్పుకున్నాడు. అలాంటి నడుముతో ఇప్పుడు గంటసేపు ఒకే వంపులో, హ్యాండిలు కింది కొమ్ములు పట్టుకుని, కదలకుండా ఉండాలి. సీటు సరిచేసుకునే వీలు లేదు.

మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి కిందటి గాలి కంటే అయిదో వంతు పలచన. సైకిలుకు అడ్డం తగిలేది గాలే కాబట్టి అది వరం. ఊపిరితిత్తులకు కావలసిందీ ఆ గాలే కాబట్టి అదే శాపం. అందుకే బయలుదేరే ముందు బెల్జియంలో, తన ఇంట్లోనే, కదలని సైకిలు మీద కూర్చుని, ముఖానికి మాస్కు తగిలించుకుని, ఆక్సిజన్ తగ్గించిన గాలి పీలుస్తూ రోజుకు పలుమార్లు తొక్కాడు. పక్కన డాక్టర్లు గుండె చూస్తూ ఉండేవారు. గోడ తప్ప మరేమీ కనిపించని చోట, ఎక్కడికీ పోని చక్రం మీద, కాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఒక ప్రపంచ విజేత. నాకు ఈ దృశ్యం మెక్సికో దృశ్యం కంటే ఎక్కువ గుర్తుంటుంది. రికార్డు పుట్టింది ఈ గదిలోనే అని నా నమ్మకం.

*

మెక్సికో చేరాక వాన పట్టుకుంది. పైకప్పు లేని బాట. తడిసిన చెక్క మీద ఆ వేగంతో వంపు తిరిగితే జారుడే. ఎదురుచూశారు. ఆ పొద్దున వాతావరణం అనుకూలించింది. బాట ఆరింది.

బయలుదేరాడు. ఇంత బరువు గేరును నిలబడిన చోటు నుంచి కదిలించడం మోకాలికి పరీక్ష. మొదటి కొన్ని చుట్లు సీటు మీంచి లేచి, హ్యాండిలును తన వైపు లాక్కుంటూ, ఒళ్ళంతా పెడలు మీద వేసి తొక్కాడు. సైకిలు అందుకుంది. కూర్చున్నాడు. వీపు బల్లపరుపు చేశాడు.

ఇక్కడే మెర్క్స్ మెర్క్స్‌లాగే ప్రవర్తించాడు. గంట రికార్డు ఒక్కటీ అతనికి చాలలేదు. దారిలో ఉన్న పది కిలోమీటర్ల రికార్డు, ఇరవై కిలోమీటర్ల రికార్డు కూడా కావాలి. మొదటి పది కిలోమీటర్లు 11 నిమిషాల 53 సెకన్లలో అయిపోయాయి. ప్రపంచ రికార్డు. గంటకు 50 కిలోమీటర్ల పైచిలుకు వేగం. కాళ్ళ లెక్కలో చెప్తే నిమిషానికి 106 చుట్లు, అదీ నిలబడిన చోటు నుంచి మొదలుపెట్టి.

ఆ రెండు చుట్ల అదనానికి ధర ఎంతో చూడండి. ఆ వేగాల దగ్గర శక్తిలో చాలా మటుకు గాలిని చీల్చడానికే పోతుంది. వేగాన్ని నూటికి రెండు పాళ్ళు పెంచితే గాలి కోసం పెట్టే శక్తి ఆరు పాళ్ళు పెరుగుతుంది. తర్వాత వేగం రెండు పాళ్ళు తగ్గించుకుంటే ఆ ఖర్చు వెనక్కి రాదు, ఒంట్లో పేరుకున్న మంట తగ్గదు. అందుకే ఎగుడుదిగుడుగా తొక్కినవాడు, నిలకడగా తొక్కినవాడు ఒకే దూరం పోయినా, మొదటివాడు ఎక్కువ అలిసిపోతాడు. పలచని గాలిలో ఇది మరీ ఘోరం. అప్పుతీర్చడానికి కావలసిన ఆక్సిజనే అక్కడ లేదు.

రెండో పది కిలోమీటర్లు. 12 నిమిషాల 13 సెకన్లు. ఇరవై సెకన్లు పోయాయి. ఇరవై కిలోమీటర్ల రికార్డు పడింది, 24 నిమిషాల 6 సెకన్లు. కానీ కాళ్ళ లయ 106 నుంచి 103కు జారింది. గంటలో ఇంకా దాదాపు అయిదింట మూడు వంతులు మిగిలే ఉంది. ఎవరైనా మామూలు రౌతు అయితే ఆ జారుడు అక్కడితో ఆగదు. 103 కాస్తా 101, తర్వాత 99. సైకిలు తొక్కే ప్రతివాడికీ తెలిసిన జారుడు అది.

*

నాకూ తెలిసిన జారుడే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో తెరిచినప్పటి నుంచి తెల్లవారుజామున అక్కడ తొక్కుతున్నాను. మొదటి నెలల్లో పెద్ద గేరు వేసి, నిమిషానికి అరవై చుట్లతో, ప్రతి చుట్టునూ తొడ బలంతో నెట్టేవాణ్ణి. వేగం బాగానే వచ్చేది. మోకాలి చిప్ప కింద సన్నటి నొప్పి కూడా వచ్చింది. నాకంటే పెద్దాయన, రోజూ అక్కడికి వచ్చేవారు, ఒక పొద్దున పక్కకు వచ్చి తొక్కుతూ, "బాబూ, గేరు రెండు మెట్లు దించు. బలం పెట్టకు, తిప్పు" అన్నారు.

"మరీ తేలికైపోతోంది సార్, కాళ్ళు గాల్లో ఆడుతున్నట్టుంది" అన్నాను.

"ఆడనీ. కుడి మోకాలు పైకొచ్చినప్పుడల్లా ఒకటి లెక్కపెట్టు. పదిహేను సెకన్లకు ఇరవై రెండో ఇరవై మూడో రావాలి. ఇరవై నిమిషాలు అదే అంకె మీద ఉండు. ఎదురుగాలి వస్తే గేరు మార్చు, లెక్క మార్చకు."

ఇరవై రెండు, ఇరవై మూడు అంటే నిమిషానికి తొంభై దగ్గర. అదే వేగానికి అరవైకి బదులు తొంభై చుట్లు తొక్కితే, ప్రతి తొక్కుడులో పెడలు మీద పడే బలం మూడింట ఒక వంతు తగ్గిపోతుంది. భారం కండరం మీంచి గుండె, ఊపిరితిత్తుల మీదికి జరుగుతుంది. కండరం అలిస్తే తేరుకోవడానికి పొద్దు పడుతుంది, ఊపిరి అయితే నిమిషాల్లో తేరుకుంటుంది. అలాగని అంకె ఎంత పెంచితే అంత మంచిదని కాదు. ఉత్త కాళ్ళు వేగంగా ఆడించడానికీ ఆక్సిజన్ ఖర్చవుతుంది. మనిషి మనిషికీ అంకె మారుతుంది. 1993లో స్కాట్లండ్ రౌతు గ్రేమ్ ఓబ్రీ మెర్క్స్ కంటే బాగా పెద్ద గేరుతో, నెమ్మదైన కాళ్ళతో 51.596 కిలోమీటర్లు తొక్కి చూపించాడు. అంకె ఎవరిది వాళ్ళదే. ఆ అంకె మీద నిలబడటమే సాధన.

మొదట నాకు మూడు నిమిషాలు కూడా నిలవలేదు. సీటు మీద ఎగిరిపడేవాణ్ణి. ఆలోచన ఎటో పోగానే 90 కాస్తా 78. ఎవరైనా దాటి పోతే 97. ఇరవై నిమిషాలు నిలవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, మా ఊళ్ళో వెనక రెండు పెద్ద పాల క్యాన్లు కట్టుకుని టౌనుకు పోయే పాలాయన. ఎండైనా గాలైనా ఆయన కాళ్ళు ఒకే తీరుగా తిరిగేవి. ఎప్పుడూ లేచి తొక్కగా చూడలేదు. కుదిపితే పాలు తొణుకుతాయి, బరువు పక్కకు లాగుతుంది. ఆయనకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. పాలు నేర్పాయి.

*

మళ్ళీ మెక్సికోకు పోదాం. 103 దగ్గర వదిలాం.

బాట చుట్టు 333 మీటర్లు. మెర్క్స్ గేరుతో చుట్టుకు 42 పెడలు తిప్పులు, 24 సెకన్ల పైచిలుకు. మళ్ళీ 42. మళ్ళీ 42. వంపులో ఒళ్ళు బరువెక్కుతుంది, నేరు బాటలో తేలికవుతుంది, వెంటనే ఇంకో వంపు. నోరు తెరిచే ఉంది. నడుములో నొప్పి తోడుంది. రోడ్డు పందెంలో అయితే ఈపాటికి దిగుడులో ఒక నిమిషం కాళ్ళు ఆపేవాడు, సీసా ఎత్తి నీళ్ళు తాగేవాడు, గుంపులో ఇంకొకడి వెనక చేరేవాడు. ఇక్కడ ఏదీ లేదు.

చివరికి వచ్చిన దూరం తెలుసు కాబట్టి, ఇరవై కిలోమీటర్ల తర్వాత అతను ఏం చేశాడో లెక్కగట్టవచ్చు. నేను కాగితం మీద ఎన్నిసార్లో వేసుకున్నాను. మిగిలిన 36 నిమిషాలకు కాస్త తక్కువ సమయంలో 29.431 కిలోమీటర్లు. అంటే గంటకు 49.2. రెండో పది కిలోమీటర్లలో ఉన్నది 49.1. జారలేదు. వెంట్రుకవాసి పెరిగింది కూడా. సగటున నిమిషానికి 103 పైన, ముప్పై అయిదు నిమిషాలు.

ఆరంభంలో చేసిన దుబారాకు మూల్యం చెల్లిస్తూనే, మొదటి ఆవేశాన్ని వదిలేసి, తన అసలు అంకె దొరకబుచ్చుకుని దాన్ని విడవలేదు. ఆ ముప్పై అయిదు నిమిషాల్లో దాడి లేదు, చూసేవాళ్ళు కేరింతలు కొట్టే మలుపు లేదు. మెర్క్స్ గెలిచిన వందల పందేల్లో ఇంతకంటే గొప్ప తొక్కుడు నాకు కనిపించలేదు.

అది ఎంత గట్టి తొక్కుడో తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. 1984లో ఇదే మెక్సికోలో ఇటలీ రౌతు ఫ్రాన్సెస్కో మోజర్ గాలిని కోసే పళ్ళెం చక్రాలతో 51.151కి చేరాడు. తర్వాత సైకిళ్ళ ఆకారాలే మారిపోయాయి, అంకెలు ఎగబాకాయి. 2000లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య మళ్ళీ వెనక్కి వెళ్ళి, మెర్క్స్ తొక్కినలాంటి మామూలు సైకిలు మీద తొక్కితేనే గంట రికార్డు అంది. ఆ అక్టోబర్ 27న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో క్రిస్ బోర్డ్‌మన్ దిగాడు. సాధనను శాస్త్రంగా చేసుకున్న రౌతు, పైకప్పున్న బాట, గాలి లేదు, వాన లేదు. చివరి నిమిషాల దాకా ఎటు తేలుతుందో తెలియలేదు. 28 ఏళ్ళ తర్వాత అతను తొక్కింది 49.441 కిలోమీటర్లు.

మెర్క్స్ కంటే పది మీటర్లు ఎక్కువ. మెర్క్స్ గేరులో చెప్తే పెడలు ఒక చుట్టూ పావు. ఆరువేల రెండు వందల చుట్లలో.

కొల్నాగో కట్టిన ఆ నారింజ సైకిలు ఇప్పుడు బ్రస్సెల్స్‌లో ఎడ్డీ మెర్క్స్ పేరే పెట్టిన మెట్రో స్టేషన్‌లో అద్దాల వెనక ఉంది. రోజూ పనికి పోయేవాళ్ళు దాని పక్కనుంచే రైలెక్కుతారు.

*

ఆఖరి నిమిషాలు. రిట్టర్ అంకె దాటిపోయింది. అయినా అతను ఆగే మనిషి కాదు, గంట నిండాలి. వెలోడ్రోమ్ అరుస్తోంది. చక్రం మీద ఉన్నవాడికి ఆ అరుపులు ఎంత వినిపించి ఉంటాయో నేను చెప్పలేను. కాళ్ళు మాత్రం 42 లెక్కన చుట్టు తర్వాత చుట్టు అప్పజెబుతూనే ఉన్నాయి. నూట నలభై ఎనిమిదో చుట్టు దాటింది.

గంట నిండింది. 49 కిలోమీటర్ల 431 మీటర్లు. పాత రికార్డు కంటే 778 మీటర్లు ఎక్కువ.

సైకిలు దిగాక అతను నడవలేకపోయాడు. ఇంత బాధ ఎప్పుడూ పడలేదని, మళ్ళీ ఈ ప్రయత్నం చేయనని అన్నాడు. అన్నమాట మీద నిలబడ్డాడు. అయిదు టూర్లు గెలిచిన మనిషి ఈ ఒక్క గంటను మళ్ళీ ముట్టుకోలేదు.

కానీ దిగడానికి ముందు ఇంకొంత ఉంది. గంట అయిపోయింది కదాని ఆ సైకిలు ఆగదు. దానికి బ్రేకుల్లేవు, ఫ్రీవీలు లేదు. చక్రంలో ఊపు ఉన్నంతసేపూ పెడళ్ళు కాళ్ళను తిప్పుతూనే ఉంటాయి. అలసి సొలసిన ఆ కాళ్ళు ఇక తొక్కడం లేదు, అయినా తిరుగుతున్నాయి. నిమిషానికి తొంభై. డెబ్భై. నలభై. బాట అంచు మీద మనుషులు చేతులు చాచి పరిగెత్తుకొస్తున్నారు.